టెగన్ వాళ్ళ నాన్న

నవంబరులో మా వేల్స్ కొండల వైపు
నాలుగున్నరకే పొద్దు దుకాణం కట్టేస్తుంది.
పాలు పితికి, యంత్రం కడిగి,
మావారికి సూపు వేడిచేసి పెట్టి
నేను తెరిపిన పడేసరికి తొమ్మిది.
రబ్బరు బూట్ల చప్పుడు వినగానే
జెట్ తోక గోడకేసి డప్పు కొడుతుంది.
ఫ్లాస్‌కి పదమూడేళ్ళు. అది లేవాలంటే
ముందు తన వెనక కాలితో ఓసారి,
తర్వాత నాతో ఓసారి సంప్రదించాలి.

తైవీ నది మీంచి చలి ఎక్కివస్తుంటుంది.
దారికి రెండు పక్కలా ముళ్ళకంచెలు
తలలు దగ్గర పెట్టుకుని ఏదో దాస్తుంటాయి.
టార్చి వెయ్యను.
వేస్తే వెలుగు పడినంత మేరే లోకం,
మిగతాది మరీ నల్లబడిపోతుంది.
వెయ్యకపోతే కాసేపటికి
రోడ్డు తనంతట తానే పైకి తేలుతుంది,
తుడిచిన పలక మీద మిగిలిపోయిన సుద్దగీతలా.

మిగతాదంతా కుక్కలు చదివి చెబుతాయి.
గొలుసు బిగిస్తే కుందేలు.
ఒక్కసారి సడలితే నిన్నటి నక్క సంతకం.
ఫ్లాస్ మాత్రం కంచె అడుగున ఒకే గడ్డిదుబ్బు దగ్గర
పాత నవల మళ్ళీ మొదటినుంచీ చదువుతున్నట్టు
నిలబడిపోతుంది.
తొందరపెట్టను. నాకు రాని భాష అది.

గొర్రెలు దాటకుండా రోడ్డుకి అడ్డంగా పరిచిన
ఇనుపచువ్వల దగ్గర
రోజూ ఎదురొస్తుంది, మోకాలెత్తులో, ఒక ఎర్రదీపం.
టెగన్ మెడపట్టీ అది.
దాని వెనక దగ్గు. దగ్గు వెనక
టెగన్ వాళ్ళ నాన్న.
ఆరేళ్ళుగా ఆయన నాకు ఇంతే:
ఓ దగ్గు, తడిసిన ఉన్నికోటు వాసన,
"రేపు మంచు పడుతుంది చూడండి" అని
ఏనాడూ నిజం చెప్పని గొంతు.
ఆయనకి నేను జెట్ వాళ్ళ అమ్మని.

ఆ చువ్వల దగ్గర నిలబడి
పగలు ఎవరికీ చెప్పనివి చెప్పుకున్నాం.
మావారికి చూపించని బ్యాంకు ఉత్తరం గురించి నేను,
తమ్ముడితో గట్టు దగ్గర తెగిపోయిన మాటల గురించి ఆయన.
మొహం కనబడకపోతే నాలుక తేలికవుతుంది.
కుక్కలు వాసన చూసుకున్నంతసేపే మా కబుర్లు.
వాటికి విసుగొస్తే
మా కష్టాలు కూడా అక్కడికి ఆగిపోవలసిందే.

ఓ శనివారం, లాంపీటర్ సంతలో,
క్యారెట్లు ఏరుతుంటే ఎవరిదో మోచెయ్యి తగిలింది.
"సారీ" అన్నాడు. "పర్లేదు" అన్నాను.
నాలుగడుగులు వేశాక ఆ దగ్గు వినబడింది.
వెనక్కి తిరిగేసరికి గోధుమరంగు టోపీ ఒకటి
జనంలో కలిసిపోతోంది.
పిలుద్దామంటే ఏమని పిలవను?
పట్టపగలు, అంతమందిలో,
"టెగన్ వాళ్ళ నాన్నా!" అని అరవనా?

పోయిన వారం ఐదు రాత్రులు
ఎర్రదీపం రాలేదు.
ఫ్లాస్ చువ్వల దగ్గర కూలబడి కదలనంది.
నేను మనసులో ఏవేవో వండుకున్నాను,
అన్నీ ఉప్పెక్కువైన వంటలే.

ఆరో రాత్రి దీపం వచ్చింది.
వెనక దగ్గు లేదు.
కుర్రనడక. బండెడు టార్చి, సూటిగా నా కళ్ళలోకి.
"జెట్ వాళ్ళ అమ్మ మీరేనా?
నేను నోన్‌ని. నాన్నకి మోకాలు మార్చారు.
మంచం మీంచి ఒకటే పోరు,
వెళ్ళి ఆవిడకి చెప్పిరా,
లేకపోతే నేను చచ్చాననుకుంటుంది అని."

నవ్వేశాను. టార్చి కళ్ళల్లో పడబట్టి
తుడుచుకోవడానికి సాకు దొరికింది.
ఆ పిల్ల నొచ్చుకుని దాన్ని పక్కకి తిప్పింది.
పొలం నిండా గొర్రెల కళ్ళు, ఆకుపచ్చగా,
వందో, ఇంకా ఎక్కువో.
ఆరేళ్ళుగా మా రహస్యాలన్నీ
అంతమంది విన్నారన్నమాట.

"నాన్న పేరు..." అని ఏదో చెప్పబోయింది.
అప్పుడే రెండు గొలుసులూ ముడిపడ్డాయి.
ముడి విప్పేసరికి ఆ మాట ఎటో పోయింది.
నేనూ మళ్ళీ అడగలేదు.

"రేపు మంచు పడుతుందని చెప్పు మీ నాన్నకి" అన్నాను.

ఎర్రదీపం మలుపు తిరిగింది.
ఫ్లాస్ లేచింది,
ఈసారి
ఎవరితోనూ సంప్రదించకుండా.